కుషింగ్స్ ఆపరేషన్ అయ్యాక ఎలా కోలుకోవాలి: ఇంటికొచ్చిన రోజు నుంచి

కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బుకు మెదడు కింద ఉన్న గడ్డ తీసే ఆపరేషన్ అయిన ఆరో వారం నాకింకా గుర్తే. మంచం మీంచి లేచి బాత్రూం దాకా వెళ్లాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మోకాళ్లు, మణికట్లు, వేళ్ల కణుపులు అన్నీ ఒకేసారి పట్టేసేవి. అరచేతుల మీద తోలు ఉల్లిపొరలా లేచిపోయేది. గడ్డ ఉన్నప్పుడే ఇంతకంటే నయంగా తిరిగాను కదా అనిపించేది. మా అమ్మయితే నాకు వినపడకుండా వంటింట్లో మా ఆయన్ని అడిగింది: "అల్లుడుగారూ, ఆపరేషన్ సరిగ్గా జరగలేదేమోనండీ?"

సరిగ్గా జరిగింది కాబట్టే అలా ఉంది. ఈ ఒక్క మాట డిశ్చార్జ్ రోజున ఎవరైనా కూర్చోబెట్టి చెప్పుంటే మా ఇంట్లో సగం టెన్షన్ ఉండేది కాదు. మీ ఇంట్లోనూ అదే పరిస్థితి ఉంటే ఇది మీకోసమే. నేను డాక్టర్ని కాను, గుంటూరు బ్రాడీపేటలో పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకునేదాన్ని. ఏ మాత్ర ఎంత వేసుకోవాలన్నది మీ ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) రాసిందే లెక్క. ఆ చీటీ పట్టుకుని ఇంట్లో రోజులు ఎలా గడపాలన్నది మాత్రం నేను చెప్పగలను.

ముందు లోపల ఏం జరుగుతోందో ఇంట్లో అందరికీ చెప్పండి

మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దాంట్లో చిన్న గడ్డ లేచి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతుంది. ఆ హార్మోన్ చెప్పినట్టల్లా మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను తయారుచేస్తూ పోతాయి. అదే కుషింగ్స్ వ్యాధి. అమెరికన్ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ 1912లో ఇలాంటి పేషెంట్ గురించి రాసి, 1932లో పిట్యూటరీ గడ్డలతో దీనికున్న సంబంధాన్ని వివరించాడు. అందుకే ఆ పేరు.

ఇంట్లో ఒక్కరే ఏళ్ల తరబడి అన్ని పనులూ నెత్తినేసుకుంటే మిగతావాళ్లు కాఫీ పెట్టుకోవడం కూడా మర్చిపోతారు చూడండి. పిట్యూటరీలోనూ అంతే. గడ్డ పనిచేసినన్నాళ్లూ దాని పక్కనున్న మంచి కణాలు పని మానేసి పడుకుంటాయి. గడ్డ తీసేసిన మర్నాడే అవి లేచి కూర్చోవు. ఒంట్లో కార్టిసాల్ దాదాపు అడుగంటుతుంది. ఆపరేషన్ తర్వాత రక్తపరీక్షలో కార్టిసాల్ బాగా పడిపోయిందని చూసి డాక్టర్లు సంతోషపడేది అందుకే, గడ్డ పోయిందని అర్థం. ఆ మంచి కణాలు లేచే దాకా హైడ్రోకార్టిసోన్ గానీ ప్రెడ్నిసోలోన్ గానీ (కార్టిసాల్ బదులు పనిచేసే స్టెరాయిడ్ మందులు ఇవి) మాత్ర రూపంలో మనమే అందించాలి. చాలామందికి ఇది ఆర్నెల్ల నుంచి ఏడాది పైన పడుతుంది, కొందరికి రెండేళ్లు దాటుతుంది. కొద్దిమందికి ఎప్పటికీ లేవకపోవచ్చు. రెండు అడ్రినల్ గ్రంథులూ తీసేసినవాళ్లకయితే మాత్రలు జీవితాంతం, వాటితోపాటు ఒంట్లో ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా.

ఇక నొప్పుల సంగతి. ఒళ్లు ఇన్నేళ్లూ కార్టిసాల్ వరదకు అలవాటుపడింది. ఇప్పుడు మామూలు మనిషికి సరిపడేంత ఇచ్చినా దానికి కరువులాగే తోస్తుంది. కీళ్ల నొప్పులు, కండరాల నొప్పులు, ఆకలి లేకపోవడం, వికారం, తోలు లేవడం, జుట్టు రాలడం, ఊరికే ఏడుపు రావడం, అన్నీ దీని లక్షణాలే. డాక్టర్లు స్టెరాయిడ్ విత్‌డ్రాయల్ అంటారు. మా అమ్మకు నేను చెప్పింది మాత్రం "తాగుడు మానినవాడికి ఒణుకు వచ్చినట్టే అనుకోవే" అని. ఆవిడకు వెంటనే అర్థమైంది.

డిశ్చార్జ్ రోజున ఈ కాగితాలు లేకుండా కదలొద్దు

మేం హైదరాబాద్ నుంచి గుంటూరు వచ్చేశాక ఫోన్లు చేసి నానా తిప్పలు పడ్డాం. మీరు వార్డులో ఉండగానే రాయించుకోండి. మాత్ర ఎప్పుడు ఎంత, జ్వరమొస్తే ఎంత పెంచాలి, వాంతులైతే ఏం చేయాలి, మొదటి కార్టిసాల్ పరీక్ష ఏ తేదీన, అర్ధరాత్రి అవసరమైతే ఏ నంబరుకు చేయాలి. వీటికి తోడు లెటర్‌హెడ్ మీద ఇంకో చిన్న ఉత్తరం కావాలి: "ఈ పేషెంట్‌కు అడ్రినల్ ఇన్‌సఫిషియెన్సీ ఉంది, అత్యవసరంలో హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి" అని, సంతకంతో, స్టాంపుతో. అడ్రినల్ గ్రంథులు చాలినంత కార్టిసాల్ ఇవ్వడం లేదని దానర్థం. ఆ ఉత్తరం విలువేంటో తెనాలి పెళ్లిలో తెలిసింది నాకు, అది కిందికొచ్చాక చెబుతాను.

డిశ్చార్జ్ సమ్మరీని ఫొటో తీసి మీ ఫోన్లో, మీ ఆయన లేదా ఆవిడ ఫోన్లో, దగ్గర్లో ఉండే ఇంకొకరి ఫోన్లో పెట్టండి.

మొదటి కొన్ని వారాలు ముక్కు జాగ్రత్త

ఆపరేషన్ ముక్కులోంచి చేస్తారు కాబట్టి బయటికి కుట్లు కనిపించవు. కనిపించకపోయేసరికి చుట్టాలు "ఏముందీ, ముక్కులో చిన్న ఆపరేషనేగా" అనేస్తారు. ముక్కుకూ మెదడుకూ మధ్య ఉన్న గోడను అతికించి పంపించారని గుర్తుపెట్టుకోండి. డాక్టర్ సరేననే దాకా ముక్కు చీదొద్దు, బరువులెత్తొద్దు, తల కిందికి వంచి పనులు చేయొద్దు, ముక్కి విరేచనానికి వెళ్లేలా మలబద్ధకం తెచ్చుకోవద్దు.

గుంటూరులో ఇంకో సమస్య ఉంది. మిర్చి కోతల కాలంలో యార్డు వైపు వెళ్తే మామూలు మనిషే తుమ్ముకుంటూ పోతాడు. ఆ రోజుల్లో ఆ దారిన పోవద్దు. ఇంట్లో ఎండుమిరపకాయల తాలింపు వేసేటప్పుడు మీరు వేరే గదిలో ఉండండి. కారం పట్టించుకురావడం ఇంకెవరికైనా అప్పజెప్పండి. అయినా తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి, ముక్కు మూసి ఆపుకోవద్దు.

ముక్కులోంచి గానీ గొంతు వెనక నుంచి గానీ నీళ్లలాంటి, ఉప్పగా తగిలే ద్రవం కారుతుంటే, ముఖ్యంగా ముందుకు వంగినప్పుడు, అది జలుబు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవం లీకవుతూ ఉండొచ్చు. అదే రోజు సర్జన్‌కు ఫోన్ చేయండి. విపరీతమైన దాహం, గంట గంటకూ నీళ్లలా మూత్రం పోవడం కూడా చెప్పాల్సిందే. ఆపరేషన్ అయిన వారం పది రోజుల్లో తలనొప్పి, వికారం, మగతగా ఉండటం వస్తే సోడియం పడిపోయి ఉండొచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కుషింగ్స్‌లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్లు ఉంటుంది.

మాత్రను గడియారానికి కట్టేయండి

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, నిద్రలేచే వేళకు బాగా ఉండి, అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. హైడ్రోకార్టిసోన్ వేసుకునేది కూడా ఆ లెక్కలోనే. పెద్ద మోతాదు పొద్దున లేవగానే, మిగతాది మధ్యాహ్నం, మూడోది ఉంటే సాయంత్రం నాలుగైదు లోపు. రాత్రి పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర పట్టదు. నిలకడపడ్డాక చాలామందికి రోజుకు మొత్తం 15 నుంచి 25 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆపరేషన్ అయిన కొత్తల్లో అంతకంటే ఎక్కువ ఇస్తారు. మీది ఎంతో మీ చీటీలో ఉంటుంది, పక్కవాళ్ల డోసుతో పోల్చుకోకండి.

నేను చేసేది ఇదీ. అలారం అయిదున్నరకు. మంచం పక్కనే మాత్ర, మంచినీళ్లు. వేసుకుని మళ్లీ అరగంట పడుకుంటాను. అలా చేశాకే లేచేటప్పటి ఒళ్లు నొప్పులు ఓర్చుకోగలిగాను. అంతకుముందు లేచి, స్నానం చేసి, దీపం పెట్టి, ఇడ్లీ తిని, అప్పుడు వేసుకునేదాన్ని. ఎనిమిదింటి దాకా మనిషిని కాదు. కడుపులో మంట అనిపిస్తే రెండు బిస్కెట్లు చాలు.

ఉపవాసాల గురించి గట్టిగా చెప్పాలి. కార్తీక సోమవారమైనా, శివరాత్రైనా, భవానీ దీక్షలో ఉన్నా మాత్ర మానకూడదు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్లు మాత్రం నెల ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, కొందరికి ఉపవాసమే వద్దంటారు. మా అత్తయ్య "మందుకు దోషం లేదమ్మా" అని తనే మాత్ర చేతిలో పెట్టింది. మీ ఇంట్లో అలా అనే పెద్దవాళ్లు లేకపోతే డాక్టర్ చేత అనిపించండి, మనకంటే ఆయన మాట వింటారు.

హైడ్రోకార్టిసోన్ మాత్రలు ప్రతి మెడికల్ షాపులోనూ దొరకవు. మా వీధి షాపతను రెండుసార్లు "రేపు తెప్పిస్తానండీ" అని నాలుగో రోజుకు తెప్పించాడు. అప్పట్నుంచి ఇంట్లో కనీసం నెలరోజుల మాత్రలు అదనంగా ఉంచుతాను, పాతవి ముందు వాడి కొత్తవి వెనక పెడతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్నివాళ్లు మూడు రోజులు మేడ మీదే ఉండిపోయారు. పాలప్యాకెట్ దొరకడమే గగనమైన చోట ఈ మాత్ర ఎవరు తెచ్చిస్తారు? ఆ రోజుల్లో నాకదే ఆలోచన. ఒక స్ట్రిప్ హ్యాండ్‌బ్యాగులో, ఒకటి ఆఫీసులో ఉండాలి. స్కూటీ డిక్కీలో మాత్రం వద్దు. రోహిణి కార్తెలో ఆ డిక్కీలో అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు.

ఇంకోటి. "స్టెరాయిడ్లా? అమ్మో, కిడ్నీలు పోతాయి, మానెయ్" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. మోకాళ్ల నొప్పులకు పేరులేని పొడులు మింగి ఒళ్లు గుల్లచేసుకున్నవాళ్లను మన ఊళ్లలో అందరూ చూశారు, ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆ పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మేవాళ్లున్నారు, అవి తిని కూడా కుషింగ్స్ లక్షణాలు వస్తాయి. మీరు వేసుకునేది వేరు. ఒంట్లో లేనిదాన్ని లేనంత మేరకే భర్తీ చేస్తున్నారు. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఈ ముక్క ఇంట్లో అందరికీ కంఠతా రావాలి.

జ్వరమొచ్చిన రోజు, వాంతులైన రోజు

మామూలు మనిషికి జ్వరమొస్తే ఒళ్లే కార్టిసాల్‌ను రెండింతలు మూడింతలు పెంచుకుంటుంది. మనకు ఆ శక్తి ప్రస్తుతం లేదు, కాబట్టి మాత్రతో మనమే పెంచాలి. సాధారణంగా డాక్టర్లు రాసిచ్చేది ఇలా ఉంటుంది: జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే రోజు మోతాదు రెండింతలు, 102.2 దాటితే మూడింతలు. తగ్గాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మామూలు మోతాదుకు వచ్చేయాలి. ఇంట్లో థర్మామీటర్ ఉండాలి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసే పద్ధతి దీనికి పనికిరాదు. పన్ను పీకించుకున్నా, కొలనోస్కోపీ లాంటి పరీక్షలకైనా, ఏ ఆపరేషన్‌కైనా ముందే డాక్టర్‌కు చెప్పి డోసు పెంచుకోవాలి. పరీక్షల టెన్షన్, చుట్టాలతో మాటపట్టింపులు, ట్రాఫిక్ వీటన్నిటికీ పెంచుకుంటూ పోకూడదు. మొదట్లో నేను చేసిన తప్పు అదే. ఒంట్లో బాగుండటం రుచి మరిగి నెలలో ఎనిమిది రోజులు డబుల్ వేసుకున్నాను. కోలుకోవడం వెనక్కిపోయింది, డాక్టర్ చేత చీవాట్లు తిన్నాను.

వాంతులు వేరే సంగతి. మాత్ర మింగిన అరగంట లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. అదీ బయటికొస్తే ఇక మాత్రలతో పని కాదు, ఇంజెక్షనే. విరేచనాలు ఆగకపోయినా అంతే.

తెనాలిలో మా బావగారి కూతురి పెళ్లి. ఎండాకాలం, షామియానా కింద ఉక్కపోత. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాతోపాటు అయిదారుగురికి విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్లు ఓఆర్ఎస్ తాగి నిద్రపోయారు. రాత్రి పదకొండుకు నాకు మాట తడబడుతోందని మా ఆయన గమనించారు. లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మాయి. దగ్గర్లో ఒక ఆసుపత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లారు. సెలైన్ పెట్టారు, వాంతి తగ్గే ఇంజెక్షన్ ఇచ్చారు. హైడ్రోకార్టిసోన్ అంటే మాత్రం డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ "ఇన్ఫెక్షన్‌లో స్టెరాయిడ్ ఇవ్వమండీ" అన్నాడు. అరగంట వాదన. అప్పుడు మా ఆయన నా బ్యాగులోంచి ఆ ఉత్తరం తీసి చేతిలో పెట్టారు. అతను చదివి, ఎవరికో ఫోన్ చేసి, ఇంజెక్షన్ తెప్పించాడు. గంటలోపు లేచి కూర్చుని పెళ్లికూతురి అప్పగింతలు అయిపోయాయా అని అడిగానట.

దాన్ని అడ్రినల్ క్రైసిస్ అంటారు. గుర్తులు ఇవి: ఆగని వాంతులు, కడుపునొప్పి, నిలబడితే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, చల్లటి చెమట, మగత, మాట తేడా రావడం. ఇవి కనబడితే తెల్లారే దాకా చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేసి రోగం పేరు చెప్పండి. ఇంట్లో హైడ్రోకార్టిసోన్ సోడియం సక్సినేట్ 100 మిల్లీగ్రాముల వయల్, సిరంజి, కలిపే నీళ్లు ఒక డబ్బాలో పెట్టండి. తొడ బయటి వైపు కండలో ఎలా ఇవ్వాలో ఇంట్లో ఇద్దరు నర్సు దగ్గర నేర్చుకోవాలి. మా ఆయన గడువు దాటిన వయల్‌తో బత్తాయికాయ మీద ప్రాక్టీస్ చేశారు. ఇంట్లో ఇంజెక్షన్ ఇచ్చినా సరే, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఏది మామూలు నీరసం, ఏది ప్రమాదం అని అడుగుతారు. నా గుర్తు ఇది: విత్‌డ్రాయల్ నీరసం నిన్నటిలాగే ఉంటుంది, విసిగిస్తుంది, కానీ పడుకుంటే, మాత్ర వేసుకుంటే కాస్త దిగుతుంది. క్రైసిస్ గంటగంటకూ ముదురుతుంది. బీపీ మిషన్ ఇంట్లో ఉంటే కూర్చున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లు చూడండి. నిలబడగానే బాగా పడిపోతుంటే, లేదా ఎటూ తేల్చుకోలేకపోతుంటే, ప్రమాదమనే అనుకుని వెళ్లిపోండి. ఇందులో పరువు తక్కువేమీ లేదు.

ఇతర మందులు, కషాయాలు

కుషింగ్స్ తగ్గుతున్న కొద్దీ షుగర్, బీపీ దిగుతాయి. షుగర్, బీపీ మందులు పాత మోతాదులోనే వేసుకుంటూ పోతే అవి మరీ పడిపోయే ప్రమాదముంది. గ్లూకోమీటర్ రీడింగులు, బీపీ రాసుకుని వారం వారం డాక్టర్‌కు పంపండి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపీన్ హైడ్రోకార్టిసోన్‌ను తొందరగా ఖర్చుచేసేస్తాయి. అవి కొత్తగా మొదలెడితే డోసు మార్చాల్సి రావచ్చు.

దగ్గు వస్తే మన ఇళ్లలో అతిమధురం నమలడం, కషాయంలో వేయడం అలవాటు. అది కార్టిసాల్ పనితీరును మారుస్తుంది, బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. కోలుకునే రోజుల్లో దాని జోలికి వెళ్లొద్దు, మిరియాల పాలతో సరిపెట్టుకోండి. మోకాల్లో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ క్రీములు కూడా నిద్రపోతున్న గ్రంథిని ఇంకా నిద్రపుచ్చుతాయి. జ్వరానికి సందు చివరి ఆర్ఎంపీ దగ్గర "ఒక ఇంజెక్షన్" చేయించుకునే అలవాటుంటే అది ఇక కట్. అందులో ఏం కలిపాడో మనకు తెలియదు.

నొప్పులతో పగలు గడపడం

మొదటి నాలుగు నెలలు నేను రోజును మూడు ముక్కలు చేశాను. మాత్ర ఎక్కి ఉండే పొద్దుటి మూడు గంటల్లో కాస్త ముఖ్యమైన పని ఒక్కటే. మధ్యాహ్నం పడక. సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్, అదీ కుర్చీలో కూర్చుని. బోర్డు మీద రాయడానికి చెయ్యి లేచేది కాదు, పిల్లల చేతే రాయించేదాన్ని. వాళ్లకది భలే నచ్చింది.

ఒక నోటుబుక్కు పెట్టండి. రోజుకు మూడు లైన్లు చాలు: మాత్రల టైములు, నొప్పి పదికి ఎంత, చేసిన ఒక పని. రోజు రోజూ చూసుకుంటే ఏమీ మారినట్టుండదు. నెలకోసారి వెనక్కి తిప్పండి. నా పుస్తకంలో రెండో నెలలో "తల దువ్వుకున్నా, చెయ్యి లాగింది" అని ఉంది. ఏడో నెలలో "ఆవకాయ జాడీ దించా".

కుషింగ్స్ తొడలు, భుజాల కండల్ని కరిగించేస్తుంది. తిరిగి రావడానికి నెలలు పడుతుంది, ఊరికే మంచంలో ఉంటే రాదు. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. రాకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. నేను రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టాను. తర్వాత నడక. మొదట గుమ్మం నుంచి గేటు దాకా, తర్వాత శంకర్ విలాస్ సెంటర్ దాకా, పదో నెలలో బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియంలో ఒక రౌండు. విజయవాడ వాళ్లకు కృష్ణ ఒడ్డున ఘాట్లున్నాయి. ఎండాకాలం మాత్రం ఆరున్నర లోపు ముగించాలి. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి మొక్కు తీర్చుకోవాలని మొదటి దసరాకే బయల్దేరకండి. అమ్మవారు ఎక్కడికీ పోదు, ఘాట్‌రోడ్డు ఉంది.

ఎముకలు కూడా పలచబడి ఉంటాయి. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష గురించి అడగండి. బాత్రూంలో జారకుండా రబ్బరు మ్యాట్, గోడకు హ్యాండిల్ పెట్టించండి. తిండిలో పప్పు, గుడ్లు, చేపలు, పెరుగు పెంచండి. బీపీ ఇంకా ఎక్కువగానే ఉంటే పచ్చళ్లు తగ్గించక తప్పదు. గుంటూరులో ఉండి గోంగూర పచ్చడి తగ్గించమని రాయాల్సి రావడం నాకూ బాధగానే ఉంది.

మనుషులు, అద్దం, ఏడుపు

జబ్బులో ముఖం గుండ్రంగా ఉబ్బినప్పుడు "ఒళ్లు చేశావే, తిండి తగ్గించు" అన్నవాళ్లే ఇప్పుడు "ఏంటమ్మా ఇలా పీక్కుపోయావు, జబ్బు చేసిందా" అంటారు. మొదట్లో ఒక్కొక్కరికీ పిట్యూటరీ నుంచి మొదలెట్టి చెప్పేదాన్ని. తర్వాత ఒక్క మాట తయారుచేసుకున్నాను: "హార్మోన్ ఆపరేషన్ అయిందండీ, ఏడాది పడుతుందన్నారు." అంతే. ఇంకా అడిగితే కాఫీ తెస్తానని లోపలికెళ్లడమే.

బరువు మాత్రం నిదానంగా దిగుతుంది. ముఖం ముందు తేలుతుంది, పొట్ట ఆఖరున. జబ్బులో ఒంటి మీద పడ్డ ఎర్రటి చారలు తెల్లబడతాయి, పూర్తిగా పోవు. ఆడవాళ్లకు ఆగిపోయిన నెలసరి మళ్లీ మొదలవుతుంది, కాబట్టి గర్భం వచ్చే అవకాశం కూడా తిరిగొస్తుందని గుర్తుంచుకోండి.

దిగులు గురించి మొహమాటపడొద్దు. కార్టిసాల్ ఎక్కువైనా, ఉన్నట్టుండి తగ్గినా మనసు మీద దెబ్బ పడుతుంది. నాకు మూడో నెలలో పొద్దున్నే లేవబుద్ధి అయ్యేది కాదు, ఎందుకు బతకాలి అనే ఆలోచన కూడా వచ్చింది. మా ఆయనతో చెప్పాను, ఆయన ఎండోక్రైనాలజిస్ట్‌తో చెప్పారు. ఆవిడ సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు. ఎనిమిది నెలలు మందు వాడి, డాక్టర్ చెప్పాకే మానేశాను. మీకు అలాంటి ఆలోచన వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే ఒక మనిషికి నోరు తెరిచి చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

మాత్ర తగ్గించడం, గ్రంథి లేచిందో లేదో చూడటం

తగ్గించేది డాక్టర్. కొంచెం కొంచెంగా, వారాల తేడాతో తగ్గిస్తారు. తగ్గించిన ప్రతిసారీ మొదటి వారం పది రోజులు నొప్పులు పెరుగుతాయి. ఆ వారంలో పెళ్లిళ్లు, ప్రయాణాలు, ఇల్లు మారడాలు పెట్టుకోకండి. నేను ఒకసారి సంక్రాంతి పిండివంటల వారంలో తగ్గించుకుని అరిసెల పాకం దగ్గరే కూలబడ్డాను.

కార్టిసాల్ పరీక్షకు రక్తం పొద్దున ఎనిమిది ప్రాంతంలో ఇవ్వాలి, ఆ పూట మాత్ర వేసుకోకముందు. ముందురోజు ఆఖరి హైడ్రోకార్టిసోన్ ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను కనుక్కోండి. మాత్ర వేసుకుని వెళ్తే పరీక్షలో కనిపించేది ఆ మాత్రే. ప్రెడ్నిసోలోన్ కూడా కొన్ని పరీక్షల్లో కార్టిసాల్‌లా కనబడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ల్యాబ్ పొద్దున ఎన్నింటికి తెరుస్తారో ముందురోజే కనుక్కోండి. మాత్ర, ఇడ్లీ పొట్లం బ్యాగులో పెట్టుకెళ్లి, రక్తం ఇవ్వగానే అక్కడే వేసుకోండి. ఇంటికెళ్లి వేసుకుందామనుకుంటే దారిలో ట్రాఫిక్‌లోనే కళ్లు తిరుగుతాయి. ఒక్కరే బండి నడుపుకుంటూ వెళ్లొద్దు.

రిపోర్టులో డెసిలీటర్‌కు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి లేచిందని సాధారణంగా అంటారు, 5 లోపు ఉంటే ఇంకా కాలేదని. మధ్యలో ఉంటే కొన్నాళ్లాగి మళ్లీ చూస్తారు, లేదా ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి అడ్రినల్ ఎలా స్పందిస్తుందో చూస్తారు. నాకు ఏడో నెలలో 2.1, పదకొండో నెలలో 4.6, పదహారో నెలలో 11.3 వచ్చింది. 4.6 వచ్చిన రోజు ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు చూస్తే అది 2.1కి రెట్టింపు కంటే ఎక్కువ, లెక్కల టీచర్ని అయ్యుండి కూడా ఆ రోజు కనబడలేదు. మాత్రలు ఆపేశాక కూడా కొన్నాళ్లు పెద్ద జ్వరాలకు, ఆపరేషన్లకు ఆ ఉత్తరం, ఆ ఇంజెక్షన్ దగ్గరుంచుకోమంటారు. ఉంచుకోండి.

ఆ తర్వాత ఏటా

గడ్డ మళ్లీ రావచ్చు, చాలా ఏళ్ల తర్వాత కూడా. అందుకే ఏడాదికోసారి పరీక్షలు జీవితాంతం ఉంటాయి: అర్ధరాత్రి లాలాజలంలో కార్టిసాల్, రాత్రి డెక్సామెథాసోన్ మాత్ర వేసుకుని పొద్దున రక్తపరీక్ష, లేదా 24 గంటల మూత్రం. మూడోది చెప్పినంత తేలిక కాదు. పొద్దున లేచాక మొదటిసారి పోసేది పారబోయాలి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళ దాకా ప్రతి చుక్కా డబ్బాలో పట్టాలి, ఆఖరిది కూడా కలిపి. ఒక్కసారి మర్చిపోయినా మళ్లీ మొదటికే. ఇంట్లో ఉండే ఆదివారం చూసుకోండి, చుట్టాలు వచ్చే ఆదివారం కాకుండా. డబ్బా చల్లగా ఉండాలి కాబట్టి ల్యాబ్‌వాళ్లు ఫ్రిజ్‌లో పెట్టమంటారు. నల్ల కవర్లో చుట్టి, పేరు రాసి, కింది అరలో పెట్టండి. మా ఇంట్లో మొదటిసారి మా అబ్బాయి అది చెరుకు రసమనుకుని గ్లాసు తెచ్చుకున్నాడు.